రైలు లేని సీమలో ఇంజను షెడ్డు

కోనసీమకు వచ్చినవారు కొబ్బరితోటలను, కాలువలను, గోదావరి పాయలను చూచి సంతోషింతురు. ఇచ్చట లేనిదానిని గూర్చి అడుగువారు తక్కువ. గౌతమికిని వసిష్ఠకును నడుమ, దిగువన సముద్రముతో, మూడు మూలల పలకవలె నున్న ఈ నేలపై రైలుబండి నడువదు. 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లా సరిహద్దు గౌతమిని దాటి ఆవలికిని పోయినది గాని, నేను చెప్పునది నదుల నడుమ నున్న పాత కోనసీమను గూర్చి. మా పిల్లలకు బస్సు తెలియును, పడవ తెలియును, మనుష్యులను బండ్లను ఒక్కసారిగా ఆవలి గట్టునకు చేర్చు పంటు తెలియును. రైలు కూత వినవలెనన్నచో ఏదో యొక పాయను దాటి పోవలసినదే.

నేను మొదటిసారి రైలును చూచినది తొమ్మిదవ యేట, రాజమహేంద్రవరములో. మా నాన్నగారు నన్ను గోదావరి గట్టున నిలువబెట్టి, 1900లో రైళ్లకు తెరచిన పాత వంతెనను చూపుచుండగా, దానిమీదుగా ఒక ఆవిరి ఇంజను పొగ విడుచుచు వచ్చెను. నేను భయపడి ఆయన పంచె పట్టుకొంటిని. 1997 నుండి ఆ వంతెన రైళ్లు లేక ఊరక నిలిచియున్నది. ఆ పొగ మాత్రము నాకు నేటికిని కన్నులలో మెదలుచునే యున్నది.

అట్టి సీమలో, అమలాపురములోని మా యింటి వసారాలో కూర్చుండి, నిరుటి వేసవిలో నేనొక ఇంజను షెడ్డును కట్టితిని. దాని పొడవు 34 సెంటీమీటర్లు. వెడల్పు 16 సెంటీమీటర్లు. నవ్వకుడు. ఆ మాత్రపు కట్టడమునకు నాకు నలువది దినములు పట్టినది.

మా మనుమడు అయిదవ తరగతి ముగించుకొని సెలవులకు వచ్చుచు హైదరాబాదు నుండి ఒక అట్టపెట్టెను తెచ్చెను. అందులో చిన్న ఇంజను, మూడు బండిపెట్టెలు, పట్టాల ముక్కలు ఉండెను. ఇంజను చూచుటకు ఆవిరి యంత్రమే గాని, లోపల నున్నది మోటారు. పట్టాలగుండ వచ్చు విద్యుత్తుతో అది తిరుగును. పాత తలుపుచెక్క నొకదానిని రెండు బల్లలపై పరచి దానిమీద పట్టాలు అమర్చితిమి. మా యింటావిడ ఇచ్చిన నీలిచీర ముక్క గౌతమి అయినది. ఆవలి గట్టుకు కోటిపల్లి యనియు, ఈవలి గట్టుకు అమలాపురమనియు మనుమడు చీటీలు వ్రాసి అంటించెను. రెండు దినములు బండి ఎడతెగక తిరిగినది. మూడవనాటి రాత్రి వాడు ఒక ప్రశ్న వేసెను.

“తాతయ్యా, కరెంటు తీసేశాక ఇంజను ఎక్కడుంటుంది? ఇలా బయటే వదిలేస్తారా?”

వదలివేయరు. ఆ సంగతి నాకు తెలియును. ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా నుండినవానికి తెలిసిన సంగతి చెప్పకుండ ఊరకుండుట కష్టము. కావున ఆ రాత్రియే వానికి షెడ్డును గూర్చి పాఠము చెప్పితిని. పొలమునుండి వచ్చిన ఎద్దును కాడి విప్పి, ఒడలు కడిగి, కుడితి పెట్టి, కొట్టములో కట్టుదుము గదా! ఆవిరి ఇంజనుకును అట్టి సేవయే కావలెను. ప్రయాణము ముగియగానే పొయ్యిలోని నిప్పును శుభ్రపరచి బూడిదను గోతిలోనికి దింపుదురు. నీరు పట్టుదురు, బొగ్గు ఎత్తుదురు. పట్టాలు తడిసినపుడు చక్రములు జారకుండుటకు వానిముందు చల్లు ఇసుకను పెట్టెలలో నింపుదురు. బాయిలరులోపల నీటి మడ్డి పేరుకొనును గనుక కొన్ని దినముల కొకసారి దానిని చల్లార్చి కడుగుదురు. ఒకసారి చల్లారిన బాయిలరు మరల ఆవిరి పట్టవలెనన్న గంటలకొలది సమయము కావలెను. షెడ్డులో పట్టాల నడుమ మనిషి దిగునంత లోతు గోతులుండును. పనివాడు అందు నిలిచి ఇంజనును క్రిందినుండి పరీక్షించును. మన దేశములో పెద్దలైను మీద ఆవిరి ఇంజనుల కొలువు 1995తో ముగిసినది. ఇప్పుడు విజయవాడలోను, కాజీపేటలోను, విశాఖపట్నములోను ఉన్న షెడ్లు డీజిలు, విద్యుత్తు ఇంజనులవి. ఆవిరి ఇంజనుల కొట్టము నిప్పటికిని చూడగోరువారు హర్యానాలోని రేవాడికి పోవలెను. అచ్చటి షెడ్డును 1893లో కట్టిరి.

మనుమడు సగములోనే నిద్రపోయెను. కాని మరునాడు లేవగానే, “షెడ్డు కొందామా తాతయ్యా?” అని అడిగెను.

కొనవచ్చును. జర్మనీ వంటి దేశములలో ఇట్టి కట్టడములను ముక్కలుగా అచ్చుపోసి అమ్ముదురు. తెచ్చి అంటించుకొనుటయే పని. వాని చిత్రములను చూచితిమి. ధర సంగతి యటుండగా, ఆ పైకప్పులు నాకు నచ్చలేదు. మంచు జారిపోవుటకై వానిని నిటారుగా కట్టుదురు. మా యూరిలో మంచు ధనుర్మాసపు తెల్లవారుజామున కొబ్బరియాకుల మీద తప్ప మరెచ్చటను ఉండదు. అమలాపురపు షెడ్డుకు అమలాపురపు కప్పే ఉండవలెనని నేను పట్టుపట్టితిని. ఇది కొంత వివేకము, కొంత పిసినిగొట్టుతనము అని మా యింటావిడ తీర్పు.

కట్టుటకు నిశ్చయించుకొన్న పిదప ఎట్టి షెడ్డు అను ప్రశ్న వచ్చినది. షెడ్లలో ముఖ్యమైనవి రెండు విధములు. మొదటిది తిన్నని కొట్టము. పట్టాలు ఒకదాని ప్రక్క నొకటిగా లోనికి పోవును. ఇందొక చిక్కు కలదు. వాకిట నున్న ఇంజను కదలినగాని దానివెనుక నున్నది బయటకు రాజాలదు. రెండవది గుండ్రని షెడ్డు. నడుమ తిరుగుడుబల్ల యుండును. దానిచుట్టును చక్రపుటాకులవలె పట్టాలు పరచియుండును. ప్రతి ఇంజనుకును తన గది తనకే యుండును. కాని ఆ నడిమి బల్ల చెడినచో ఇంజనులన్నియు ఒక్కసారిగా బందీలగును. మనుమనికి గుండ్రనిదే ముద్దు. మా తలుపుచెక్కపై దానికి చోటు లేదు. రెండు పట్టాల తిన్నని కొట్టమునకు వానిని ఒప్పించుటకు ఒక పూట పట్టినది.

ఇక కొలతలు. విద్యార్థులారా, మీరు ఆరవ తరగతి నుండి చేయుచున్న నిష్పత్తి లెక్కలు ఇచ్చట పనికివచ్చును. మా బొమ్మబండి నిజమైన దానిలో 87వ వంతు. అయిదున్నర అడుగుల మనిషి ఈ లోకములో రెండు సెంటీమీటర్లకు లోబడియుండును. 1947 నుండి మన దేశమున పరుగులిడిన, తుపాకిగుండువంటి ముక్కుగల డబ్ల్యూపీ ఇంజను దాదాపు 24 మీటర్ల పొడవు. దానిని 87తో భాగించినచో 27 సెంటీమీటర్లకు పైన వచ్చును. మా ఇంజను అందులో సగము కూడ లేదు. అయినను ఎన్నటికైన అట్టి దొర వచ్చునేమో యని షెడ్డును 34 సెంటీమీటర్లుగా నిర్ణయించితిమి. ఇంకొక వింత కూడ లెక్కలో బయటపడినది. మన పెద్దలైను పట్టాల నడుమ దూరము 1676 మిల్లీమీటర్లు. దానిలో 87వ వంతు 19 మిల్లీమీటర్లకు కొంచెము పైన. కాని మా బొమ్మ పట్టాల నడుమ నున్నది పదహారున్నరయే. ఏలయన, ఆ బొమ్మను చేసినవారి దేశములలో పట్టాల దూరము 1435 మిల్లీమీటర్లు. హైదరాబాదు మెట్రో రైలు నడుచునదియు ఆ కొలతమీదనే. మా అమలాపురపు బండి ఈ విధముగ పుట్టుకతోనే పరదేశి. మనుమడు దీనికి చింతింపలేదు. నేను మాత్రము రెండు దినములు చింతించితిని.

పనిముట్లు ఇంటనే దొరకినవి. గోడలకు పాత లెడ్జరు అట్టలు. జిగురుకు మైదాపిండి, పురుగు పట్టకుండ అందులో చిటికెడు మైలుతుత్తము. కప్పు క్రింది దూలములకు కొబ్బరి ఈనెలను మించినవి లేవు. తిన్నగా నుండును, తేలికగా నుండును, కోనసీమలో వానికి వెల లేదు. కొబ్బరిచిప్పను కాల్చి, నలుగగొట్టి, బొగ్గుకుప్ప పోసితిమి. ఇరువది దినములలో షెడ్డు లేచినది. గోడకు ఇటుకల గీతలు గీచితిని. ఆ గీతలు తిన్నగా వచ్చినవని నాకు గర్వము కూడ కలిగెను.

ఇంజనును లోనికి పంపుటకు పేరంటాండ్రను పిలిచినట్లు ఇరుగుపొరుగు పిల్లలను పిలిచితిమి. మనుమడు మీట త్రిప్పెను. ఇంజను నెమ్మదిగా వచ్చి, వాకిటి పైకమ్మికి పొగగొట్టము తగిలి, నిలిచిపోయెను. చక్రములు ఊరక తిరుగుచుండెను. పిల్లలు గొల్లుమనిరి. కారణము వెదకగా తప్పు నాదే. నేను ఇంజనును బల్లమీద పెట్టి దాని యెత్తు కొలిచితిని. అది నిలుచునది పట్టాలపై గదా! పట్టాలు, స్లీపర్లు, వాని క్రింది దిమ్మ కలిసి ఒక సెంటీమీటరుకు దగ్గరగా నున్నవి. ఆ సెంటీమీటరును నేను లెక్కకు తీసికొనలేదు. దానిని సవరింతునని కూర్చుండునంతలో తొలకరి వానలు పడినవి. అట్టగోడలు తేమ పీల్చి అప్పడములవలె పొంగి, వంగిపోయినవి. బొమ్మబండి పనిని ఇంటివరకే ఉంచుకొనుట మంచిదని అప్పుడు తోచినది. మనుమడు ఏడువలేదు. “పోనీలెండి తాతయ్యా, బయటే ఉంచుదాం” అనెను. ఆ మాట నన్ను గ్రుచ్చినది. దానికి కారణము మా మనుమడు కాదు.

2001వ సంవత్సరము. నేనప్పుడు ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడను. కోటిపల్లి నుండి అమలాపురము మీదుగా నరసాపురమునకు రైలుమార్గము మంజూరైనదని ఊరంతయు చెప్పుకొనుచుండిన దినములవి. 2000–01 రైల్వే పద్దులో ఆ మార్గము చేరినది. అమలాపురము నుండి ఎన్నికైన జి.ఎం.సి. బాలయోగి గారు అప్పుడు లోక్‌సభాపతి. పొడవు 57 కిలోమీటర్లే గాని, గౌతమి, వైనతేయ, వసిష్ఠ మూడింటిపైనను వంతెనలు కట్టవలెను. ఆ యేడు మా బడిలో వైజ్ఞానిక ప్రదర్శన జరిగినది. ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు అట్టతో చేసిన కట్టడము నొకదానిని భద్రముగా రెండు చేతులతో పట్టుకొని వచ్చెను. దాని నుదుట ‘అమలాపురం ఇంజను షెడ్డు’ అని వ్రాసియుండెను.

వస్తువులను వరుసలో పెట్టించు పని నాది. నేను దానివంక సరిగా చూడను కూడ లేదు. “ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందిరా! ఊరికి రైలే లేదు, ఇంజనుకు ఇల్లు కట్టేవా?” అంటిని. చుట్టునున్న పిల్లలందరు నవ్విరి. నా సామెతకు నాకును నవ్వు వచ్చినది. ముందు వరుసలో కొబ్బరిపీచు యంత్రమును, ఉప్పునీటి చెరువు నమూనాను పెట్టించి, షెడ్డును బల్లక్రిందికి త్రోయించితిని. సాయంకాలము వాడు దానిని తీసికొని పోవుట నేను చూచితిని. ఏమియు మాటాడలేదు, వాడును మాటాడలేదు.

ఆ పిల్లవాడు ఇప్పుడు అంబాజీపేట త్రోవలో రేకుల షెడ్లు వేయు పనిలో నున్నాడు. కొబ్బరికాయల గోదాములకు, రొయ్యల చెరువుల ఒడ్డున సామాను కొట్టములకు వాడు వేసిన కప్పులు మా ప్రాంతములో చాల కలవు. త్రోవలో కనబడినపుడెల్ల బండి ఆపి నమస్కరించును. నేను ఆ నమస్కారమును తీసికొనుచు ఇన్నేండ్లు గడపితిని. రేకు వంచుటకు వానికంటె తెలిసినవాడు లేడని నాకు తెలియును. అయినను వాని కొట్టు ముందునుండి రెండుసార్లు నడచిపోయి, మూడవసారి లోనికి పోయితిని.

వాడు నా వంకర షెడ్డును చేతిలో పట్టుకొని అటునిటు త్రిప్పి చూచెను. నవ్వునేమోయని కనిపెట్టితిని. నవ్వలేదు.

“మేష్టారండీ, మరి పొగ ఎటెళ్తుందండి?”

నేను నిరుత్తరుడ నైతిని. ఆవిరి ఇంజనులు లోపల నిలిచి పొగ విడుచుచుండును గదా. ఆ పొగ పోవుటకు ప్రతి ఇంజను గొట్టమునకు సరిగా పైన, కప్పునుండి వ్రేలాడు పొగదోవలు ఉండవలెను. లేనిచో పనివాండ్రకు ఊపిరి సలుపదు. బూడిద గోతిని గూర్చియు, ఇసుకపెట్టెను గూర్చియు అంత పాఠము చెప్పిన నేను పొగను మరచితిని! చిన్నప్పుడు నన్ను భయపెట్టినదియే పొగ.

“ఇంకోటండి. వంపు తిరగ్గానే గుమ్మం పెట్టేసేరండి. వంపులో ఇంజను ముక్కు పక్కకి పోతుందండి, గోడకి రాసుకుంటుంది. ఇంజనంత పొడుగు తిన్నటి పట్టా వచ్చేకే గుమ్మం ఉండాలండి,” అని, సుద్దముక్కతో నేలపై గీచి చూపెను.

మరుసటి ఆదివారము వాడు తన కూతురును వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. మూడవ తరగతి పిల్ల. ప్లైవుడ్ ముక్కలతో గోడలు కోసి తెచ్చెను. నూనెడబ్బా రేకును పలుచని పట్టీలుగా కత్తిరించి, సైకిలు పుల్లలను వరుసగా బిగించిన చెక్కపై పరచి నొక్కగా, అచ్చముగా గోదాము కప్పువలె అలలు తేలినవి. నా కొబ్బరి ఈనెల దూలములను మాత్రము తీయలేదు. “ఇయ్యి బాగున్నాయండి,” అనెను. అరువది దాటిన వయసులో అది నాకు ప్రథమ బహుమతి వలె తోచినది. వాకిలి ఎత్తు పట్టాలపై నిలిచిన ఇంజనును కొలిచియే పెట్టితిమి. చివరకు రెండు పట్టాలమీదుగా నాలుగు రేకు పొగదోవలు అమరినవి.

షెడ్డు ఎచ్చట నుండవలెనని పిల్లలిద్దరును వాదులాడిరి. కోటిపల్లి వైపుననే యని మా మనుమడు. నిజమైన రైలు వచ్చినది అచ్చటివరకే గదా యని వాని వాదము. అది నిజమే. కాకినాడ నుండి కోటిపల్లికి 1928లో రైలుమార్గము వేసిరి. మా నాన్నగారు పుట్టినది ఎదుటిగట్టున ముక్తేశ్వరములో. సాయంకాలము నదికి ఆవల పొగ కనబడినచో బండి వచ్చినదని తెలిసి, వారి యింట దీపము పెట్టెడివారట. రెండవ ప్రపంచ యుద్ధకాలములో 1940లో ఆ పట్టాలను పెరికి తీసికొనిపోయిరి. పదేండ్ల పిల్లవాడైన మా నాన్నగారికి ఒకనాటి నుండి పొగ కనబడుట మానినది. అరువది నాలుగేండ్ల తరువాత, 2004లో, ఆ మార్గము మరల తెరువబడినది. నది దాటి ఈవలికి రావలసిన మార్గమునకు నదులలో స్తంభములు లేచినవి గాని, నేనిది వ్రాయునాటికి రైలు ఇంకను అమలాపురము చేరలేదు.

“ఇటేపే ఉండాలి. అక్కడుంటే పొద్దున్నే మనూరికి ఎలా వస్తుంది?” అని ఆ పిల్ల వాదము. మా మనుమడు నా ముఖము చూచెను. నేను ఆ పిల్ల తండ్రి ముఖము చూచితిని. షెడ్డు అమలాపురము వైపుననే నిలిచినది.

ఇంజను లోనికి పోయి, దేనికిని తగులక, మొదటి పొగదోవ క్రింద ఆగినది. పిల్లలు మరల బయటకు, మరల లోనికి నడుపుచుండగా మేమిద్దరము అరుగుమీద కూర్చుంటిమి. నేను అప్పుడు చెప్పితిని.

“అబ్బాయ్, ఆ రోజు నీ షెడ్డు బల్ల కిందకి తోయించింది నేనే. గుర్తుందా?”

“ఆయ్, గుర్తుందండి.”

“నేను దాన్ని సరిగ్గా చూడనైనా లేదు. తప్పు చేశాను.”

వాడు కొంతసేపు ఊరకుండి, చేతికంటిన జిగురును గోటితో తీసికొనుచు, “దానికి పొగగొట్టాలుండేయండి,” అనెను. “మా పెరట్లో బొప్పాయి కాడలు కోసి పెట్టేనండి. లోపల బోలుగా ఉంటాయి కదండి. ఇంటికి తీసుకెళ్ళేసరికే వడిలిపోయేయండి.”

ఇంటావిడ తెచ్చిన కాఫీ త్రాగి, కూలి మాట ఎత్తనీయక, పిల్లను బండి ఎక్కించుకొని వాడు వెళ్ళిపోయెను.

మరునాటి ఉదయము నేను లేచునప్పటికి మా మనుమడు షెడ్డు ముందు కూర్చుండియుండెను. అరుగుమీది మాటలు వాని చెవిని పడినట్లున్నవి. నాలుగు రేకు పొగదోవలలో రెంటిని ఊడదీసి, వాని చోట పెరటిలోని బొప్పాయి కాడలను కోసి నిలిపెను. పచ్చగా, కొంచెము వంకరగా నున్నవి. రెండు మూడు దినములలో అవి వడలును. కొత్తవి కోయుటకు చిన్న కత్తిని, కొలబద్దను షెడ్డు ప్రక్కనే ఉంచితిని.